పాత హాలీవుడ్ సినిమాల్లో గే పాత్రలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హాలీవుడ్ సినిమాలు ఇష్టంగా చూసేవాళ్ళకి ఎక్కడో ఒకచోట అనుమానం వస్తుంది. ఈ ఇద్దరి మధ్య స్నేహం కాక ఇంకేదో ఉంది, సినిమా మాత్రం ఆ మాట ఎత్తడం లేదు అని. ఆ అనుమానం చాలాసార్లు నిజమే. ఆ మాట ఎవరు ఎత్తనివ్వలేదు, ఎలా దాచారు, దాచినా ఎలా బయటపడింది అన్నదాని చుట్టూ తిరిగే ప్రశ్నలివి. కొన్ని సినిమాల ముగింపులు చెప్పక తప్పలేదు, చూడనివాళ్ళు గమనించగలరు.

ఏ కాలం గురించి మాట్లాడుతున్నాం?

మూకీల రోజుల నుంచి సుమారు 1970 దాకా. 1934 జూలైకి ముందు హాలీవుడ్ చాలావరకు తనకి తోచినట్టు తీసింది. అక్కడి నుంచి 1961 దాకా గే అన్న ఊహ కూడా తెర మీదికి రాకూడదన్నారు. 1961 తర్వాత సరే, చూపించుకోండి అన్నారు. వీటిలో ఏ కాలం ఎక్కువ క్రూరమైనదంటే చాలామంది నిషేధం ఉన్న కాలం పేరు చెబుతారు. నేను అనుమతి వచ్చిన తర్వాతి కాలం పేరు చెబుతాను. ఎందుకో కింద వస్తుంది.

మొట్టమొదటి గే సినిమా ఏది?

ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే జవాబు, ఎడిసన్ స్టూడియోలో విలియం డిక్సన్ తీసిన చిన్న ప్రయోగం. 1894-95 నాటిది, నిడివి 17 సెకన్ల వరకు ఉంటుంది. డిక్సన్ ఒక పెద్ద గొట్టం ముందు నిలబడి వయొలిన్ వాయిస్తుంటాడు, పక్కన ఇద్దరు మగవాళ్ళు జంటగా డాన్స్ చేస్తుంటారు. బొమ్మకీ శబ్దానికీ జత కుదురుతుందా అని చేసిన పరీక్ష అది. అందులో ప్రేమకథ ఏమీ లేదు. దాన్ని మొదటి గే సినిమా అనడం నాకు నచ్చదు.

నన్నడిగితే 1916లో చాప్లిన్ తీసిన ‘బిహైండ్ ది స్క్రీన్’ చూడమంటాను. మగవేషంలో ఉన్న అమ్మాయిని చాప్లిన్ ముద్దు పెట్టుకుంటాడు. ఆమె అమ్మాయని తెలియని భారీకాయుడు ఎరిక్ క్యాంప్‌బెల్ అది చూసి, వయ్యారంగా ఊగుతూ వెక్కిరిస్తాడు. వెక్కిరింతకి ఒక్క మాట కూడా అక్కర్లేదు, హాల్లో అందరికీ అర్థమైపోతుంది. గే మనుషులు ఉన్నారని 1916 నాటి మామూలు ప్రేక్షకుడికి బాగా తెలుసనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఉత్తమ చిత్రంగా మొదటి ఆస్కార్ అందుకున్న ‘వింగ్స్’ (1927) గురించి కూడా అడుగుతారు. చనిపోతున్న స్నేహితుణ్ణి ఇంకో పైలట్ గుండెకి హత్తుకుని ముద్దు పెట్టుకునే సీన్ అందులో ఉంది. గే సినిమా అనను గానీ, ఇద్దరు మగవాళ్ళ మధ్య అంత ఆప్యాయతని తర్వాత చాలా ఏళ్ళు హాలీవుడ్ ధైర్యంగా చూపలేకపోయింది.

1934కి ముందు నిజంగా అంత స్వేచ్ఛ ఉండేదా?

ఉండేది, అయితే దానికి రెండు ముఖాలు.

మంచి ముఖం ‘మొరాకో’ (1930)లో కనిపిస్తుంది. మార్లీన్ డీట్రిచ్ నల్ల సూటు, టాప్ హ్యాట్ వేసుకుని నైట్‌క్లబ్‌లో పాడుతుంది. పాట అయ్యాక ఒక బల్ల దగ్గర ఆగి, అక్కడ కూర్చున్న అమ్మాయిని కింది నుంచి పైదాకా తీరుబడిగా చూస్తుంది. ఆమె తలలోని పువ్వు అడిగి తీసుకుని, వంగి ఆమె పెదవుల మీద ముద్దు పెడుతుంది. హాలంతా చప్పట్లు. ఆ పువ్వునే తీసుకెళ్ళి గ్యారీ కూపర్ వైపు విసురుతుంది. పువ్వు ఆలోచన డీట్రిచ్‌దేనంటారు. ముద్దు కత్తిరిస్తే పువ్వు ఎక్కడి నుంచి వచ్చిందో ప్రేక్షకుడికి అర్థం కాదు, కాబట్టి కత్తిరించలేరు. ఆ పాత్రకి ఆమెకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఇక ‘క్వీన్ క్రిస్టినా’ (1933)లో గ్రెటా గార్బో మగదుస్తుల్లో తిరిగే స్వీడన్ రాణి. చెలికత్తె ఎబ్బాని పెదవుల మీదే ముద్దు పెట్టుకుంటుంది. పెళ్ళి చేసుకోకుండా ముసలిదానివై చచ్చిపోతావా అని మంత్రి నిలదీస్తే, బ్రహ్మచారిగా పోతానంటుంది.

రెండో ముఖం మగవాళ్ళ విషయంలో. తెలుగులో ఆడంగి అని ఎగతాళి చేస్తామే, అచ్చం ఆ రకం పాత్ర అప్పటి సినిమాల్లో కొల్లలు. దర్జీ, డాన్స్ మాస్టరు, హోటల్ మేనేజరు ఎవరైనా సరే, చేతులు తిప్పుకుంటూ వచ్చి నవ్వించి వెళ్ళిపోవాలి. ఫ్రాంక్లిన్ ప్యాంగ్‌బోర్న్, ఎడ్వర్డ్ ఎవరెట్ హార్టన్ అలాంటి పాత్రలకే పేరుపడ్డారు. ఇద్దరూ గొప్ప నటులు. కానీ ఆ పాత్రలకి ఇల్లుండదు, ప్రేముండదు. మన సినిమాల కామెడీ ట్రాకుల్లో ఇదే సరుకు ఎన్నేళ్ళు నడిచిందో మీకు తెలియనిది కాదు. ‘కాల్ హర్ శావేజ్’ (1932)లో మాత్రం ఒక విశేషం ఉంది. క్లారా బో వెళ్ళే గ్రీనిచ్ విలేజ్ బార్‌లో ఇద్దరు వెయిటర్లు పనిమనుషుల టోపీలు పెట్టుకుని పాడుతుంటారు, బల్లల దగ్గర అబ్బాయిలు అబ్బాయిలతో, అమ్మాయిలు అమ్మాయిలతో కూర్చుని ఉంటారు. తెర మీద గే బార్ చూపిన తొలి అమెరికన్ సినిమాల్లో అదొకటి.

హేస్ కోడ్ అంటే ఏమిటి? అది ప్రభుత్వ సెన్సారా?

కాదు. మన సెన్సార్ బోర్డుకి అలవాటుపడ్డవాళ్ళం కాబట్టి అలా అనుకుంటాం గానీ, ఇది నిర్మాతలు తమకి తామే పెట్టుకున్న నియమావళి.

సినిమా ఒక వ్యాపారం మాత్రమే, దానికి వాక్‌స్వాతంత్ర్యం వర్తించదని అమెరికా సుప్రీంకోర్టు 1915లో తీర్పిచ్చింది. దాంతో రాష్ట్రాల సెన్సార్ బోర్డులు ఇష్టమొచ్చినట్టు కత్తిరించుకోవచ్చు. ఎక్కడ ఏ సీన్ పోతుందో తెలియక స్టూడియోలకి ఒకటే టెన్షన్. బయటివాళ్ళు కత్తెర పట్టకముందే మనమే పడదామని మాజీ పోస్ట్‌మాస్టర్ జనరల్ విల్ హేస్‌ని పెద్దగా పెట్టుకున్నారు. 1930లో కోడ్ వచ్చింది. రాసినవాళ్ళు డేనియల్ లార్డ్ అనే జెస్యూట్ ఫాదరూ, మార్టిన్ క్విగ్లీ అనే సినిమా పత్రికల అధిపతీ. నాలుగేళ్ళ పాటు దాన్ని పెద్దగా ఎవరూ ఖాతరు చేయలేదు. ఆ తర్వాత క్యాథలిక్ చర్చి ఆధ్వర్యంలో లీజన్ ఆఫ్ డీసెన్సీ పుట్టి, చెడ్డ సినిమాలు చూడబోమని లక్షల మంది చేత ప్రమాణాలు చేయించింది. ఆర్థిక మాంద్యంతో హాళ్ళు ఖాళీగా ఉన్న రోజులవి, స్టూడియోలు దిగొచ్చాయి. 1934 జూలై నుంచి, కోడ్ అమలు చూసే జోసెఫ్ బ్రీన్ ఆఫీసు సీల్ వేస్తేనే సినిమా బయటికి వచ్చేది. సీల్ లేకుండా వదిలితే 25,000 డాలర్ల జరిమానా. దేశంలోని పెద్ద హాళ్ళు చాలావరకు స్టూడియోల చేతుల్లోనే ఉండేవి, అవి సీల్ లేని బొమ్మ వేసేవి కావు.

కోడ్‌లో మన విషయానికి సంబంధించింది ఒక్క వాక్యమే. లైంగిక వక్రతని గానీ, దాని సూచనని గానీ చూపరాదని. గే జీవితాలన్నీ వక్రత అనే ఆ ఒక్క మాటలో పడిపోయాయి. సూచన కూడా కూడదన్నారు చూడండి, పాతికేళ్ళకి పైగా రచయితలు పడ్డ పాట్లన్నిటికీ మూలం అక్కడుంది.

మరి ఆ పాత్రలు మాయమైపోయాయా?

మాయం కాలేదు. చూపు, సువాసన, చేతిసంచీ, ఉంగరం లాంటి వాటిలోకి చేరాయి.

‘ది మాల్టీస్ ఫాల్కన్’ (1941)లో జోయెల్ కైరో తలుపు తీసుకుని రాకముందే అతని విజిటింగ్ కార్డు వస్తుంది. సెక్రెటరీ అందించిన కార్డుని హంఫ్రీ బోగార్ట్ వాసన చూస్తాడు, గార్డీనియా పూల సెంటు. అంతే. తర్వాత పీటర్ లోరీ వచ్చి కూర్చుని, చేతికర్ర పిడిని పెదవుల దగ్గర ఆడిస్తూ మాట్లాడతాడు. బ్రీన్ ఆఫీసు స్క్రిప్టులో డైలాగులు చదవగలదు. సెంటు వాసనని ఏమని కత్తిరిస్తుంది?

ఇంకా గొప్పది ‘రెబెక్కా’ (1940). చనిపోయిన యజమానురాలి గదిని మిసెస్ డాన్వర్స్ కొత్త పెళ్ళికూతురికి చూపిస్తుంది. బీరువా తెరిచి ఫర్ కోటుని తన చెంపకి రాసుకుంటుంది, ఈ అమ్మాయి చెంపకీ రాస్తుంది. లోదుస్తుల సొరుగు లాగి ఇవన్నీ నన్స్ కుట్టినవని మురిసిపోతుంది. చివరికి పల్చటి నైట్‌గౌన్ లోపల చెయ్యి పెట్టి, చూడు, నా చెయ్యి ఎలా కనిపిస్తుందో అంటుంది. జూడిత్ ఆండర్సన్ ఆ సీన్లో కనురెప్ప కూడా వేయదు. పనిమనిషి భక్తి అనుకోవడానికి వీలుంది, పోయిన ప్రియురాలి కోసం పడే దుఃఖం అనుకోవడానికి అంతకన్నా వీలుంది. ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా ఆ గది దగ్గరికి వచ్చేసరికి నేను డాన్వర్స్ పక్షమే.

కథల్ని ఎలా మార్చేవారు?

ఇది నాకు బాగా కోపం తెప్పించే భాగం. నవలలోనో నాటకంలోనో ఉన్న గే మనిషిని సినిమాకి వచ్చేసరికి ఇంకొకరిగా మార్చేసేవారు. అసలు కథ తెలియని ప్రేక్షకుడికి పోయిందేమిటో తెలిసే అవకాశమే లేదు.

ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ‘ది లాస్ట్ వీకెండ్’ (1945)లో హీరో తాగుబోతు. ఎందుకు తాగుతాడంటే రచయితగా కలం కదలక. ఛార్ల్స్ జాక్సన్ నవలలో అతన్ని తొలిచేసే విషయాల్లో మగవాళ్ళ మీది ఆకర్షణ ఒకటి. సినిమాలో ఆ ఊసే లేదు. ‘క్రాస్‌ఫైర్’ (1947)లో ఒక సైనికుడు యూదు ద్వేషంతో హత్య చేస్తాడు. రిచర్డ్ బ్రూక్స్ రాసిన మూల నవలలో హతుడు గే. యూదు ద్వేషం మీద సినిమా రావడం అవసరమే, యుద్ధం అయిన రెండేళ్ళకి అది ధైర్యమైన పనే. అయినా ఒక బాధితుడికి చోటివ్వడానికి ఇంకో బాధితుణ్ణి తుడిచేయాల్సి వచ్చింది.

టెనెస్సీ విలియమ్స్ నాటకాలకైతే ఇది రివాజుగా జరిగింది. ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ (1951)లో బ్లాంచ్ యువ భర్త ఎందుకు కాల్చుకున్నాడో తెలియదు. నాటకంలో అతన్ని ఇంకో మగవాడితో ఆమె చూస్తుంది, అదే ఆమె జీవితాన్ని విరిచిన క్షణం. ‘క్యాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్’ (1958)లో పాల్ న్యూమన్, ఎలిజబెత్ టేలర్ పక్కన ఉన్నా ముట్టుకోడు. చచ్చిపోయిన స్నేహితుడు స్కిప్పర్ మీద అతనికున్నది ఏమిటో సినిమా చెప్పదు, ఎదగని కుర్రతనం అని సర్దేస్తుంది. ఆ సినిమా దర్శకుడెవరో తెలుసా? పదకొండేళ్ళ ముందు తన నవలలోని గే పాత్రని పోగొట్టుకున్న అదే రిచర్డ్ బ్రూక్స్.

గే పాత్రలు విలన్లుగానో హంతకులుగానో ఎందుకు ఉంటాయి?

కోడ్ లెక్కలో పాపానికి శిక్ష పడాలి. విలన్‌కి ఎలాగూ శిక్ష పడుతుంది కాబట్టి అతని మీద కాస్త అనుమానం వాలినా ఆఫీసు చూసీ చూడనట్టు పోయేది. హీరో మీద వాలితే ఒప్పుకునేది కాదు. అలా ఏళ్ళ తరబడి జల్లెడ పట్టేసరికి తెర మీద మిగిలినవాళ్ళు ఎక్కువగా రక్తపిశాచులు, బ్లాక్‌మెయిలర్లు, హంతకులు. ‘డ్రాక్యులాస్ డాటర్’ (1936)లో కౌంటెస్, బొమ్మ గీస్తానని వీధిలో నుంచి పిలిపించిన అమ్మాయిని భుజాలు కనిపించేలా నిలబెట్టి చూసే చూపు ఆకలే, ఎలాంటి ఆకలో మీరే అనుకోవాలి. ‘స్ట్రేంజర్స్ ఆన్ ఎ ట్రైన్’ (1951)లో బ్రూనో ఇంకో ఉదాహరణ.

దీనివల్ల జరిగిన హాని చిన్నది కాదు. ఏ చిన్న ఊళ్ళోనో ఒంటరిగా పెరుగుతున్న గే కుర్రాడికి తనలాంటి మనిషి కనిపించే ఏకైక చోటు సినిమా. అక్కడ కనిపించేది హంతకుడు.

హిచ్‌కాక్ ‘రోప్’ సంగతేమిటి?

1924లో షికాగోలో లియోపోల్డ్, లోబ్ అనే ఇద్దరు విద్యార్థులు చేసిన హత్య ఆధారంగా వచ్చిన నాటకం, దాని నుంచి 1948లో సినిమా. ఇద్దరు యువకులు ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, స్నేహితుణ్ణి చంపి పెట్టెలో పెట్టి, ఆ పెట్టె మీదే విందు వడ్డిస్తారు. వాళ్ళు జంట అని ఎక్కడా చెప్పరు. స్క్రిప్టు రాసిన ఆర్థర్ లారెంట్స్ గే. ఆయనకీ, హంతకుల్లో ఒకడిగా నటించిన ఫార్లీ గ్రేంజర్‌కీ ఆ రోజుల్లో సంబంధం ఉందని తర్వాత ఇద్దరూ తమ ఆత్మకథల్లో రాసుకున్నారు. అసలు విషయాన్ని సెట్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదట, ‘అది’ అనేవారట. అది అందరికీ తెలుసు, ఆఫీసుకి మాత్రం పట్టుబడలేదు.

తెర వెనక ఉన్నవాళ్ళ పరిస్థితి?

కోడ్ అమలైన హాలీవుడ్‌ని నడిపినవాళ్ళలో గే మనుషులు చాలామందే ఉన్నారు. ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1935) తీసిన జేమ్స్ వేల్ దాపరికం లేకుండా బతికాడు. దర్శకుడు జార్జ్ క్యూకర్ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. 1930ల స్టూడియోల్లో నిలకడగా సినిమాలు తీసిన ఏకైక మహిళా దర్శకురాలు డొరొతీ ఆర్జ్‌నర్ కొరియోగ్రాఫర్ మేరియన్ మోర్గన్‌తో కలిసి దశాబ్దాలు జీవించింది.

నటులకి ఆ వీలు లేదు. విలియం హైన్స్ 1920ల చివర ఎంజీఎంలో పెద్ద స్టార్. తనతో కలిసి ఉంటున్న జిమ్మీ షీల్డ్స్‌ని వదిలేసి ఒక అమ్మాయిని పెళ్ళి చేసుకోమని స్టూడియో అధినేత లూయీ మేయర్ ఒత్తిడి తెచ్చాడని, హైన్స్ ఒప్పుకోలేదని చెబుతారు. 1930ల మధ్యకి సినిమాలు ఆగిపోయాయి. హైన్స్ ఇంటీరియర్ డిజైనర్ అయ్యాడు, జోన్ క్రాఫర్డ్ లాంటివాళ్ళ ఇళ్ళు తీర్చిదిద్ది మళ్ళీ పైకొచ్చాడు. 1973లో పోయేదాకా షీల్డ్స్‌తోనే ఉన్నాడు. ఈ మొత్తం చరిత్రలో నాకు అందరికన్నా నచ్చిన మనిషి ఇతనే.

రాక్ హడ్సన్ రెండో దారి పట్టాడు, లేదా పట్టించారు. 1955లో పెళ్ళి చేసుకున్నాడు, అది మూడేళ్ళు కూడా నిలవలేదు. ‘పిల్లో టాక్’ (1959)లో అతని పాత్ర, డోరిస్ డే మనసు గెలవడానికి అమ్మాయిల మీద ఆసక్తి లేనివాడిలా నటిస్తుంది. గే మనిషి, ఆడపిల్లల వెంటపడే హీరోగా నటిస్తూ, ఆ హీరో గేలా నటించడం! జనం విరగబడి నవ్వారు. తనకి ఎయిడ్స్ ఉందని 1985 జూలైలో ప్రకటన వచ్చేదాకా ప్రేక్షకులకి అసలు సంగతి తెలియదు. అక్టోబర్ 2న చనిపోయాడు.

‘బెన్‌హర్’లో ప్రేమకథ దాగి ఉందంటారు, నిజమేనా?

స్క్రిప్టు మీద పనిచేసిన గోర్ విడాల్ చెప్పిన కథ ఇది. చిన్ననాటి స్నేహితులైన బెన్‌హర్, మెసాలా అంత పగబట్టడానికి కారణం కావాలి. ఒకప్పుడు వాళ్ళు ప్రేమికులని, మెసాలా మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటే బెన్‌హర్ కాదన్నాడని విడాల్ ఊహ. మెసాలాగా నటించిన స్టీఫెన్ బోయిడ్‌కి ఇది చెప్పాం, చార్ల్టన్ హెస్టన్‌కి చెప్పలేదు అన్నాడు. హెస్టన్ ఇదంతా అబద్ధమని గట్టిగా ఖండించాడు. ఎవరిని నమ్మాలో మీ ఇష్టం. కానీ వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళ తర్వాత కలుసుకునే సీన్ ఒకసారి పెట్టుకుని, బోయిడ్ కళ్ళు మాత్రమే చూడండి. నేను విడాల్ మాటే నమ్ముతాను.

‘స్పార్టకస్’లో తీసేసిన సీన్ ఏమిటి?

రోమన్ సేనాని క్రాసస్ (లారెన్స్ ఒలివియే) స్నానం చేస్తుంటాడు. బానిస ఆంటోనైనస్ (టోనీ కర్టిస్) వీపు తోముతుంటాడు. మధ్యలో పల్చటి తెర. ఆల్చిప్పలు తింటావా అని క్రాసస్ అడుగుతాడు. నత్తలు తింటావా అంటాడు. ఆల్చిప్పలు తినడం నీతి, నత్తలు తినడం అవినీతి అనుకుంటావా? రుచికీ నీతికీ సంబంధం లేదు కదా, నాకు రెండూ ఇష్టమే అంటాడు. లేచి వెళ్ళి రోమ్ నగరాన్ని చూపిస్తూ దాని ముందు ఎవరైనా మోకరిల్లాల్సిందేనని చెబుతుంటాడు. తిరిగి చూసేసరికి కుర్రాడు లేడు, పారిపోయాడు.

1960లో ఈ సంభాషణ పోయింది, దాంతో ఆంటోనైనస్ ఎందుకు పారిపోయి స్పార్టకస్ దగ్గరికి చేరాడో సరిగ్గా అర్థం కాకుండా పోయింది. 1991లో సినిమాని పునరుద్ధరించినప్పుడు బొమ్మ దొరికింది, శబ్దం దొరకలేదు. ఒలివియే 1989లోనే పోయాడు. టోనీ కర్టిస్ తన డైలాగులు తానే మళ్ళీ చెప్పాడు, ఒలివియేకి ఆంథొనీ హాప్కిన్స్ గొంతు అరువిచ్చాడు.

కోడ్ ఎలా బలహీనపడింది?

డబ్బు దారిలోనే వచ్చింది, ఆ దారిలోనే పోయింది. స్టూడియోలు హాళ్ళు అమ్ముకోవాలని 1948లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. హాలు మనది కానప్పుడు సీల్‌కి బలం ఎక్కడిది? 1952లో అదే కోర్టు సినిమాకి వాక్‌స్వాతంత్ర్యం ఉందంది. మరుసటి ఏడాది ఒట్టో ప్రెమింజర్ సీల్ లేకుండా ఒక సినిమా వదిలి లాభాలు చూశాడు. 1959లో బిల్లీ వైల్డర్ ‘సమ్ లైక్ ఇట్ హాట్’ కూడా సీల్ లేకుండానే వచ్చింది. ఆడవేషంలో ఉన్న జాక్ లెమన్, విగ్గు పీకి నేను మగాణ్ణి అని అరిస్తే, అతన్ని పెళ్ళాడాలనుకుంటున్న ముసలి కోటీశ్వరుడు లోపం లేనివాళ్ళెవరు అని హాయిగా నవ్వుతాడు. శిక్ష లేదు, సిగ్గు లేదు, ఇద్దరూ పడవలో వెళ్ళిపోతారు. ఆ దశాబ్దంలో అంత దయగల ముగింపు నాకు ఇంకోటి కనిపించలేదు.

1961లో అనుమతి వచ్చింది కదా, దాన్ని క్రూరమైన కాలం అన్నారెందుకు?

జవాబు ఒకే దర్శకుడు రెండుసార్లు తీసిన ఒకే కథలో ఉంది.

లిలియన్ హెల్‌మన్ 1934 నాటకం ‘ది చిల్డ్రన్స్ అవర్’లో ఇద్దరు టీచర్లు బాలికల స్కూలు నడుపుతుంటారు. వాళ్ళిద్దరూ ప్రేమికులని ఒక పిల్ల అబద్ధం పుట్టిస్తుంది, స్కూలు మూతపడుతుంది. 1936లో విలియం వైలర్ దీన్ని ‘దీజ్ త్రీ’ పేరుతో తీశాడు. నాటకం పేరు వాడుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. అందులో పుకారు, మార్తా తన స్నేహితురాలి కాబోయే భర్తతో ఉందని. స్క్రీన్‌ప్లే హెల్‌మనే రాసింది, సినిమా బాగానే ఉంటుంది.

పాతికేళ్ళ తర్వాత వైలర్ ఈసారి అసలు కథ తీస్తానన్నాడు. 1961 అక్టోబర్‌లో కోడ్ సవరించారు. జాగ్రత్తగా, సంయమనంతో చూపితే పర్వాలేదన్నారు. డిసెంబర్‌లో ఆడ్రీ హెప్‌బర్న్, షర్లీ మెక్లేన్‌లతో సినిమా వచ్చింది. 1936లో మార్తాగా నటించిన మిరియమ్ హాప్కిన్స్ ఇందులో ఆమెకి అత్త. అబద్ధం పుకారే అయినా అందులో తన గురించి ఒక నిజం ఉందని మార్తాకి తెలిసొస్తుంది. నాకు జబ్బు, నేను మురికిదాన్ని అన్నట్టు ఏడుస్తుంది. కాసేపటికి ఉరి వేసుకుంటుంది. అంటే 1936లో మార్తా మగవాణ్ణి ప్రేమించింది కాబట్టి బతికింది, 1961లో నిజం చెప్పింది కాబట్టి చచ్చిపోయింది. షూటింగ్‌లో ఆ సంబంధం గురించి తాము ఎవరం మాట్లాడుకోనే లేదని మెక్లేన్ తర్వాత బాధపడింది.

1962లో ‘అడ్వైజ్ అండ్ కన్సెంట్’ వచ్చింది. యువ సెనేటర్‌ని పాత సంబంధం గురించి బ్లాక్‌మెయిల్ చేస్తారు, గే బార్ గుమ్మం దాకా వెళ్ళి బెదిరి వెనక్కి పరుగెత్తుతాడు, తర్వాత గొంతు కోసుకుంటాడు. అక్కడి నుంచి ఇదే వరస. బ్రీన్ రోజుల్లో అర్థమైనవాడికి అర్థమయ్యేది, కాస్త ఊహించుకునే చోటు ఉండేది. అనుమతి ఆ చోటుని లాగేసుకుని, పేరు పెట్టి మరీ చంపింది. విటో రూసో తన ‘ది సెల్యులాయిడ్ క్లోజెట్’ (1981) పుస్తకం చివర ఇలా చచ్చిపోయిన పాత్రల జాబితా ఇచ్చాడు, ఎవరు ఏ సినిమాలో ఎలా పోయారో. అది చదివాక ఈ విషయం మీద నాకింకే వాదనా అక్కర్లేకపోయింది.

స్టూడియోల బయట ఏమైనా జరిగిందా?

జరిగింది, కొద్దిమందే చూశారు. కెన్నెత్ ఆంగర్ 1947లో కుర్రతనంలోనే ‘ఫైర్‌వర్క్స్’ అనే లఘుచిత్రం తీశాడు. షర్లీ క్లార్క్ ‘పోర్ట్రెయిట్ ఆఫ్ జేసన్’ (1967) డాక్యుమెంటరీ ఇంకా ముఖ్యం. ఒక నల్లజాతి గే మనిషి న్యూయార్క్ హోటల్ గదిలో రాత్రంతా కెమెరా ముందు కూర్చుని తన కథ చెప్పుకుంటాడు. పైన నేను చెప్పిన సినిమాలన్నిట్లో గే పాత్రలు తెల్లవాళ్ళవే. ఆ లోటు ఎంతదో జేసన్‌ని చూస్తే తెలుస్తుంది.

కోడ్ ఎప్పుడు పోయింది? వెంటనే మారిందా?

1968 నవంబర్‌లో దాని స్థానంలో రేటింగ్ పద్ధతి వచ్చింది. 1969 జూన్‌లో న్యూయార్క్ స్టోన్‌వాల్ బార్ దగ్గర పోలీసుల మీద తిరుగుబాటు జరిగింది. 1970లో విలియం ఫ్రీడ్‌కిన్ ‘ది బాయ్స్ ఇన్ ది బ్యాండ్’ వచ్చింది. ఒక పుట్టినరోజు పార్టీ, ఇంటినిండా గే స్నేహితులు, రాత్రి పొద్దుపోయేదాకా ఒకరినొకరు మాటలతో పొడుచుకుంటారు. తమని తాము అసహ్యించుకునే మనుషుల సినిమా అని దాన్ని చాలామంది గే ప్రేక్షకులే తప్పుపట్టారు, అందులో న్యాయం ఉంది. అయినా చివరికి అందరూ బతికే ఉంటారు, మర్నాడు ఫోన్ చేస్తానని చెప్పుకుని ఇళ్ళకి పోతారు. అప్పటికి అది చిన్న విషయం కాదు.

లేనిది మనమే ఊహించుకుంటున్నామేమో?

కొన్నిచోట్ల అవును, డిక్సన్ ప్రయోగం విషయంలో చెప్పాను కదా. కానీ పై ఉదాహరణల్లో చాలావాటికి మూల నవల ఉంది, నాటకం ఉంది, రాసినవాళ్ళ వాంగ్మూలం ఉంది. బ్రీన్ ఆఫీసు స్టూడియోలకి రాసిన ఉత్తరాలున్నాయి. ఈ పాత్ర ఆ టైపులా కనిపించకూడదు సుమా అని సెన్సార్ వాళ్ళే హెచ్చరించిన చోట, మనం ఊహించుకుంటున్నామని ఎలా అంటాం?

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ముందు ‘ది సెల్యులాయిడ్ క్లోజెట్’ డాక్యుమెంటరీ (1995) చూడండి. రూసో పుస్తకం ఆధారంగా రాబ్ ఎప్‌స్టీన్, జెఫ్రీ ఫ్రీడ్‌మన్ తీశారు, పై సీన్లలో చాలావరకు అందులో కనిపిస్తాయి. ఆ తర్వాత ‘మొరాకో’, ‘రెబెక్కా’. వాటి వెనక ‘దీజ్ త్రీ’, ‘ది చిల్డ్రన్స్ అవర్’ వరసగా, వీలైతే ఒకే వారంలో చూడండి. ‘స్పార్టకస్’ చూసేటప్పుడు 1991 పునరుద్ధరణ తర్వాతి ప్రింటేనా అని సరిచూసుకోండి, పాత టీవీ కాపీల్లో ఆ స్నానం సీన్ ఉండదు. మనసు బరువెక్కితే ‘సమ్ లైక్ ఇట్ హాట్’ పెట్టుకోండి.